పది నిమిషాలు ఫాస్ట్

గ్రిమ్స్‌బీ రేవు పక్కన, చర్చి హాల్లో
గోడగడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది.
దాన్ని ఎవరూ దిద్దరు.
దిద్దాలంటే నిచ్చెన కావాలి,
నిచ్చెన గది తాళంచెవి ఉన్నావిడ స్పెయిన్ వెళ్ళింది.

మంగళవారం సాయంత్రం అక్కడ ఇంగ్లీషు క్లాసు.
నేను కప్పులు కడిగే మనిషిని.
సింకు దగ్గర నిలబడితే బోర్డు సగమే కనపడుతుంది,
మాట మాత్రం మొత్తం వినపడుతుంది.

పాఠం చెప్పేది విల్ఫ్ బ్లాంచర్డ్.
ముప్పై ఒక్కేళ్ళు చలిసముద్రంలో చేపలకు పోయినవాడు.
కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.
మిగతా మూడింటితో సుద్దముక్క పట్టుకుని
ఆ రోజు ఒకే మాట రాశాడు: ఫాస్ట్.
ఇది తెలియనివాళ్ళెవరు, అన్నాడు.

తెలియకేం.
చేపల ఫ్యాక్టరీలో బొగూమిల్ నేర్చిన మొదటి మాట అదే.
రెండో మాట ఫాస్టర్.
హేమిన్ లేచి, గాల్లో కత్తెర ఆడించి చూపించాడు,
తల ఎవరిదో గానీ, పాపం.

మరి ఫాస్ట్ అస్లీప్ అంటే?
వేగంగా నిద్రపోవటమా?
అంతే, అన్నాడు బొగూమిల్. రాత్రి షిఫ్టయ్యాక
ఒక బూటు విప్పి రెండోది విప్పేలోగా.
విల్ఫ్ కాసేపు ఆలోచించి
అదీ ఒప్పేనని టిక్కు పెట్టాడు.

లెతెబ్రహాన్‌ది ఆసుపత్రి లాండ్రీలో పని.
సంచిలోంచి నీలం గౌను తీసి
మెడ దగ్గరి చీటీ చూపించింది.
'కలర్ ఫాస్ట్.
అంటే రంగు పరుగెత్తదు అంది మా సూపర్‌వైజరు.
ఫాస్ట్ అయితే పరుగెత్తాలి కదా?'

కెటిల్ ఒక్కటే గొణిగింది.

నాకు సింకు దగ్గర నవ్వొచ్చింది.
మేమేమైనా తక్కువ తిన్నామా?
గట్టిగా మాట్లాడతాం, గట్టిగా ముడేస్తాం,
పెరుగు గట్టిగా తోడుకోవాలంటాం,
ఫలానావాడు గట్టివాడంటాం,
మెచ్చుకున్నామో జాగ్రత్త చెప్పామో
వినేవాడికే వదిలేసి.

బిస్కట్ల పళ్ళెం తిరిగి తిరిగి ఆమె ముందాగింది.
వద్దంది. వెన్న ఉంటుందట.
యాభై అయిదు రోజులు, ఈస్టర్ దాకా.
వాళ్ళ భాషలో త్సోమ్.
విల్ఫ్ అదే మాట చుట్టూ మళ్ళీ సున్నా చుట్టాడు.
'ఇదీ అదే.'
'తినకపోవటమా?'
'తినకపోవటం.'
ఆ నాలుగక్షరాల వైపు ఆమె
తూకంలో మోసపోయినట్టు చూసింది.

మా ఇంట్లో దాన్ని ఒక్కపొద్దు అనేవాళ్ళు.
పుస్తకాల్లో ఉపవాసం, అంటే దగ్గరగా ఉండటం.
దేనికి దగ్గరగా అని అమ్మమ్మనడిగితే
వంటింటికి, అంది.

అప్పుడు విల్ఫ్ బల్లకింది నుంచి తాడు తీశాడు.
కుర్చీకాలికి రెండు చుట్లు, ఒక మెలిక.
'మేక్ ఫాస్ట్ అని అరిచాడు మా స్కిప్పరు.
పదహారేళ్ళవాణ్ణి. త్వరగా అనుకున్నాను.
త్వరగానే కట్టాను.'

అందరం అతని చేతివైపు చూశాం.
'వేళ్ళు కాదు. అవి తర్వాత పోయాయి, వించిలో.
ఆ రోజు పోయింది వేరే.'

ఎవరూ అడగలేదు.
లెతెబ్రహాన్ తాడు తీసుకుంది.
ఆమె వేసింది విల్ఫ్ నేర్పిన ముడి కాదు,
ఎక్కడ నేర్చిందో, ఏ మూటకు వేసిందో,
పళ్ళతో కూడా లాగి బిగించింది.
విల్ఫ్ పట్టి గుంజాడు. కుర్చీ కీచుమంటూ
హాలంతా వెంట వచ్చింది గానీ
ముడి రాలేదు.

గోడమీద ఏడున్నర.
బస్సుకింకా పది నిమిషాలుందని అందరికీ తెలుసు.
అయినా లేచారు, కోట్లు వేసుకున్నారు,
వేసుకుని, వెళ్ళకుండా నిలబడ్డారు.

కుర్చీలు సర్దేది నేనే.
ముడి విప్పటం నా వల్ల కాలేదు.
తాడుతోనే గోడకు చేర్చి
దీపం తీసేశాను.